పెట్టేయండి అన్నవాళ్ళ లిస్టు

ఆఫీసులో ఆమెని అందరూ హలో అక్క అంటారు. ఆమె కన్నా పదేళ్ళు పెద్దయిన ఓనరు కూడా అంతే. అసలు పేరు జీతం స్లిప్పు మీద ఉంటుంది గానీ ఆ పేరుతో పిలిచే దిక్కు లేదు. పద్నాలుగేళ్ళుగా చెవికి హెడ్‌ఫోన్ తగిలించుకుని రోజుకి నూటయాభై సార్లు హలో అనే మనిషికి ఇంకో పేరు అతకదు కదా మరి.

ఇంట్లోనూ అదే వరస. ఎవరైనా తలుపు కొడితే "హలో, చెప్పండి" అంటూనే తీస్తుంది. వాళ్ళాయన కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీస్తాడు. "మా ఆవిడతో పోట్లాడాలంటే ముందు నేనెవర్ని, ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నాను, ఏ పని మీద, ఈ మూడూ చెప్పుకోవాలి. అప్పుడు గానీ తిట్టనివ్వదు" అని షాపుకొచ్చిన వాళ్ళందరినీ నవ్విస్తుంటాడు. అదేం పూర్తి అబద్ధం కాదు. ఫోన్ చేసినవాళ్ళు ఆ మూడూ ముందే చెప్పాలనేది రూలు, ఆమెకి రూలంటే ప్రాణం.

ఈ ఉద్యోగానికి ముందు ఆమె బస్టాండులో అనౌన్సరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదకొస్తుందో చెప్పే గొంతు ఆమెదే. ఒకరోజు ఆమెని కూర్చోబెట్టి అన్ని ఊళ్ళ పేర్లూ, అన్ని అంకెలూ చదివించి రికార్డు చేసుకున్నారు. మర్నాడు, "ఇక మీరు రానక్కర్లేదమ్మా, మిషనే చెప్పేస్తుంది" అన్నారు. ఇప్పటికీ ఆ బస్టాండులో దిగితే ఆమె గొంతే ఆమెకి దారి చెబుతుంది. "నా ఉద్యోగం పీకించింది ఇంకెవరో కాదు, నేనే" అంటుంది నవ్వుతూ.

అక్కణ్ణుంచి ఈ నీళ్ళ ఫిల్టర్ల కంపెనీకి వచ్చింది. అప్పట్లో అయిదు కుర్చీలు, అయిదు ఫోన్లు, ఒక పాత టెలిఫోన్ డైరెక్టరీ. ఫిల్టరు కొంటారా, కొన్నది ఉంటే ఏడాదికోసారి సర్వీసు చేయించుకుంటారా, ఇదే పాట రోజంతా. చేరిన మొదటి వారంలో ఒకింటికి చేసింది. ఒకావిడ ఎత్తి, "మా ఇంట్లో మనిషి పోయి గంటయిందమ్మా" అంది. హలో అక్క ఏదో సర్ది చెప్పి ఫోన్ దించింది. మర్నాడు పక్క కుర్చీ అమ్మాయి తెలీక అదే ఇంటికి చేసింది. మూడో రోజు ఇంకొకామె చేసింది. ఆ ఇంటావిడ ఈసారి ఏమీ అనలేదట, ఊరికే ఏడ్చిందట.

ఆ సాయంత్రమే హలో అక్క ఒక పొడుగాటి నోటు పుస్తకం కొనుక్కొచ్చి, అట్ట మీద 'వద్దులు' అని రాసింది. ఎవరైనా ఒక్కసారి వద్దంటే చాలు, ఆ నంబరు అందులోకి ఎక్కాల్సిందే. ఎక్కిన నంబరుకి చచ్చినా ఫోన్ వెళ్ళకూడదు. అందరూ ఎగతాళి చేశారు. "వద్దన్నవాళ్ళనే కదక్కా ఒప్పించాలి, సరే అనేవాళ్ళకి మనమెందుకు" అన్నారు. ఆమె వినలేదు. కొన్నేళ్ళకి ప్రభుత్వమే అలాంటి లిస్టు తెచ్చింది. నాకు అమ్మకాల ఫోన్లు వద్దు అని ఎవరైనా నంబరు రాయించుకుంటే కంపెనీలు వాళ్ళ జోలికి పోకూడదు. ఊళ్ళో టెలికాలింగ్ ఆఫీసులన్నీ నెత్తిన చేతులు పెట్టుకుంటే హలో అక్క మాత్రం టీ తాగుతూ కూర్చుంది. మనం ఎప్పట్నుంచో చేస్తున్నదే కదా అని.

ఏడాదిన్నర కిందట రూలు ఇంకాస్త బిగిసింది. ఇక మీద ఒక మనిషికి రెండోసారి ఫోన్ చెయ్యాలంటే, మొదటిసారే ఆ మనిషి తన నోటితో సరేననాలి. అది రికార్డులో ఉండాలి. దానికోసం వీళ్ళు మొదట అడిగిన మాట, "మళ్ళీ ఫోన్ చెయ్యమంటారా?" దానికి నూటికి తొంభైమంది వద్దనేవాళ్ళు. కంపెనీ చిక్కిపోయింది. ఓనరు చెడ్డవాడేం కాదు. ఒకప్పుడు తనే స్పానరు పట్టుకుని ఇంటింటికీ తిరిగి ఫిల్టర్లు బిగించినవాడు. మనుషుల్ని తీసేయాల్సి వస్తుందేమోనని రెండు నెలలు మొహం వేలాడేసుకుని తిరిగాడు.

అప్పుడు మాట మార్చింది హలో అక్కే. "చెయ్యమంటారా అంటే మీద పడుతున్నట్టుంది సార్. కాస్త మెత్తగా అడుగుదాం. 'మీ నంబరు మా లిస్టులో పెట్టమంటారా?' అందాం" అంది. అందులో ఆమె మనసులో కుట్రేమీ లేదు. నిజంగానే అది మర్యాదగా ఉంటుందనుకుంది.

మొదటి రోజే నూటికి నలభైమంది సరేనన్నారు. ఓనరు నమ్మలేదు. రెండో రోజూ అంతే. నెల తిరిగేసరికి ఇరవై కుర్చీలు ముప్ఫై అయ్యాయి, ఏడాదికి అరవై. డయలర్ బాబాయ్ అని ఒకాయన ఉన్నాడు అక్కడ. ఫోన్లు వాటంతటవే కలిపే మిషను ఆయన చేతిలో ఉంటుంది, యాభై దాటిన మనిషి, కుర్చీలోంచి లేవడమంటే బద్ధకం. ఆయన దానికో తెలివి నేర్పించాడు. ఆ ప్రశ్న తర్వాత అవతలి గొంతులో 'పెట్ట' అనో 'పెట్టే' అనో వినబడితే చాలు, తెర మీద దానంతటదే ఆకుపచ్చ టిక్కు పడిపోతుంది. మనుషులు కూర్చుని వినక్కర్లేదు, నొక్కక్కర్లేదు. ఓనరు మురిసిపోయి హలో అక్క ఫొటో మెట్ల దగ్గర గోడకి తగిలించాడు. అందులో ఆమె కళ్ళు మూసుకుంది, అయినా తగిలించాడు.

ఇప్పుడు పైఅంతస్తు తెరవబోతున్నారు. నలభై కొత్త కుర్చీలు, ఇంకా ప్లాస్టిక్ కవర్లు తీయలేదు. సోమవారం నుంచి రమ్మని నలభైమందికి చెప్పేశారు. అందులో ఆమె సొంత చెల్లెలు కూడా ఉంది, పనిచేసే క్యాంటీను మూతపడి మూడు నెలలుగా ఇంట్లో ఉంది పాపం. పైఅంతస్తుకి హెడ్డు హలో అక్కే. మధ్యలో అడ్డం ఒక్కటే. గురువారం ప్రభుత్వ తనిఖీ ఆఫీసరమ్మ వచ్చి, పదకొండు వేల చిల్లర సరేల లిస్టు చూసి, బాగుందంటేనే పైఅంతస్తుకి అనుమతి. ఆ లిస్టు కింద హలో అక్క సంతకం పెట్టాలి. 'ఇందులో ప్రతి ఒక్కరూ తమ నోటితో ఒప్పుకున్నారని నేను స్వయంగా చూసుకున్నాను' అని ఉంది ఆ కాగితం మీద.

బుధవారం పొద్దున్నే ఆమె డయలర్ బాబాయ్ దగ్గరికి వెళ్ళి, ఓ వంద రికార్డింగులు తీసివ్వమంది.

"ఎందుకే తల్లీ, మిషను వినేసింది కదా" అన్నాడాయన.

"స్వయంగా అని రాశారు బాబాయ్. మిషనుకి స్వయం ఎక్కడిది?"

"నీతో పెట్టుకోవడం నాదే బుద్ధి తక్కువ" అని గొణుక్కుంటూ తీసిచ్చాడు.

అద్దాల క్యాబిన్‌లో కూర్చుని వినడం మొదలెట్టింది. మొదటిది ఎవరో ఆడమనిషి, వెనక చంటిపిల్ల ఏడుపు. "మీ నంబరు మా లిస్టులో పెట్టమంటారా?" "ఆఁ, పెట్టేయమ్మా, పెట్టేయ్." టిక్కు. రెండోది ఎవరో మగమనిషి, రోడ్డు మీద ఉన్నట్టున్నాడు, హారన్లు. "పెట్టేయండి." టిక్కు. ఇలా ఓ పది విని తృప్తిగా టీ కప్పు అందుకుంది. అందరూ ఎంత చక్కగా, ఎంత తొందరగా ఒప్పుకుంటున్నారో అనుకుంది.

అంతలో ఆమె సొంత ఫోన్ మోగింది. వాళ్ళాయన. ఆయనకి ఆ రోజు సెలవు.

"చిన్న స్క్రూడ్రైవరు ఎక్కడ పెట్టావే?"

"నేనెందుకు పెడతాను, మీ ఆయుధాలు మీవి. టీవీ కింద సొరుగులో చూడండి. అసలు ఇవాళ సెలవు కదా, మళ్ళీ ఎవరి కళ్ళద్దాలు విప్పుతున్నారు? మొన్న పక్కింటాయనవి విప్పి—"

"ఆఁ, దొరికింది దొరికింది. సరే, పెట్టేయ్."

"ఏం పెట్టేయాలి?" అంది ఆమె, తెర మీద లిస్టు చూస్తూ పరధ్యానంగా.

"ఏం పెట్టేయడమేంటి, ఫోనే. చెవి తినేస్తున్నావ్, పని చేసుకోనీ" అని ఆయనే దించేశాడు.

టీ కప్పు పెదాల దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

కప్పు కిందపెట్టి, మొదటి రికార్డింగు మళ్ళీ వేసింది. "ఆఁ, పెట్టేయమ్మా, పెట్టేయ్." చంటిపిల్ల ఏడుస్తోంది. ఆ తల్లి గొంతులో ఉన్నది ఒప్పుకోలు కాదు. చెవీ భుజమూ మధ్య ఫోన్ నొక్కిపెట్టుకుని, రెండు చేతుల్తో పిల్లని పట్టుకున్న మనిషి, ఇక చాలు తల్లీ, ఫోన్ పెట్టేయ్ అంటోంది. రోడ్డు మీదాయన మళ్ళీ. "పెట్టేయండి." అచ్చం ఇందాక వాళ్ళాయన అన్నట్టే. అదే విసుగు, చివర్లో అదే తెగ్గొట్టడం.

మన భాషలో పెట్టడమనే మాటకి పని ఎక్కువ. మొహం పెట్టడం, పేచీ పెట్టడం, కన్నీళ్ళు పెట్టడం, పేరు పెట్టడం, వంక పెట్టడం అన్నీ అదే మోయాలి. ఫోన్ దించడాన్ని కూడా దాని నెత్తినే రుద్దాం. ఆ సంగతి రోజుకి నూటయాభై సార్లు ఫోన్ పెట్టేసే మనిషికి ఏడాదిన్నరగా తట్టలేదు. తట్టనందుకు ఆమె చెంపలు మండాయి.

వందా విన్నది. మధ్యాహ్నం ఎవరో తినడానికి పిలిస్తే చెయ్యి ఊపి పంపేసింది. నిజంగా, నింపాదిగా, "ఆఁ రాసుకోండి, పెట్టండి, వచ్చే నెలలో మాకు సర్వీసుంది" అన్నవాళ్ళు పందొమ్మిదిమంది. మిగతావాళ్ళు దాదాపు అందరూ ఫోన్ దించమన్నవాళ్ళే. అంతకన్నా ఘోరం అరవయ్యో రికార్డింగు దగ్గర తగిలింది. ఓ ముసలావిడ, అక్షరం అక్షరం విడదీసి, స్పష్టంగా అంటోంది. "పెట్టకండి నాయనా, నా నంబరు పెట్టకండి." పక్కనే ఆకుపచ్చ టిక్కు.

ఆమె బాబాయ్‌ని కేక వేసింది. ఆయన లేచి వచ్చాడు, అదే ఒక విశేషం.

"ఇది విను."

విన్నాడు. మొహం పాలిపోయింది. "పెట్టకండి... పెట్టనక్కర్లేదు... పెట్టనీయను..." అని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ గోడకి ఆనుకున్నాడు. "అన్నిట్లోనూ పెట్ట ఉందే తల్లీ. కాదనేది మాట మధ్యలో దాక్కుంటుంది. నేను ముందు రెండక్షరాలే నేర్పాను దానికి."

"చుక్కలేంటి బాబాయ్ ఇవి? కొన్ని నంబర్లకి అయిదు చుక్కలున్నాయి."

"అదా. ఎన్నిసార్లు సరేనంటే అన్ని చుక్కలు. మొదటి రింగుకే ఎత్తితే ఇంకోటి. చుక్కలెక్కువున్న వాళ్ళకి మిషను ముందు కలుపుతుంది. ఇష్టంగా ఉన్నారు కదా అని..." మాట మధ్యలో ఆగిపోయాడు. తను చెప్పింది తన చెవులకే చేరినట్టుంది.

అంటే ఎవరు ఎన్నిసార్లు ఫోన్ పెట్టేయమంటే, వాళ్ళకి అంత ఎక్కువగా ఫోన్లు వెళ్ళాయన్నమాట.

అన్నిటికన్నా ఎక్కువ చుక్కలున్న నంబరు తెరిచింది హలో అక్క. నాలుగు నెలల్లో ముప్ఫై ఎనిమిది ఫోన్లు, ఈమధ్య దాదాపు రోజూ. ప్రతిసారీ వేరే అమ్మాయి చేసింది కాబట్టి ఎవరికీ గుర్తు లేదు. ప్రతిసారీ మొదటి రింగు పూర్తవకుండానే ఎత్తారు. ఒక పెద్దాయన. ఆ "హలో" ఎంత ఆత్రంగా ఉందంటే, వినేవాళ్ళకి భయమేస్తుంది. ఆ తర్వాత అమ్మాయి ఫిల్టరు మాట ఎత్తగానే గాలి తీసేసినట్టు, "ఓ... మీరా. పెట్టేయమ్మా, లైను ఖాళీగా ఉంచాలి." మూడో ఫోనుకి చెప్పాడు కూడా. "హాస్పిటల్ నుంచి ఫోన్ రావాలమ్మా. మా ఆవిడ ఆపరేషన్‌కి వరసలో ఉంది. వాళ్ళు చేసినప్పుడు బిజీ వస్తే తర్వాతివాళ్ళని పిలిచేస్తారంట. దయచేసి పెట్టేయ్." దాని పక్కన కూడా టిక్కే. ముప్ఫై ఎనిమిదింటి దాకా అదే హలో, అదే ఆత్రం. ఆయన ఒక్కసారి కూడా తిట్టలేదు.

హలో అక్క హెడ్‌ఫోన్ తీసి టేబుల్ మీద పెట్టింది. ఆ వద్దుల పుస్తకం రాసిన మనిషి తనేనా అని చేతుల వంక చూసుకుంది.

ఓనరు గదిలోకి వెళ్ళి అన్నీ వినిపించింది. ఆయన పెట్టకండి దగ్గర నిజంగానే అదిరిపడ్డాడు. "ఛ ఛ, ఇదేం పాపం, ఇవి ఇప్పుడే తీయించేయ్" అన్నాడు. బాబాయ్ అప్పటికే వెతికాడు, అవి నాలుగు వందల దాకా ఉన్నాయి.

"మరి పెట్టేయండి అన్నవాళ్ళు సార్?"

ఓనరు కాసేపు పేపరు వెయిటు తిప్పాడు. "వాళ్ళు అన్నారు కదక్కా."

"ఫోన్ పెట్టేయమన్నారు."

"మనం అడిగింది నంబరు గురించి. జవాబు దానికే అనుకుంటాం. మనసులో ఏముందో మనకేం తెలుస్తుంది? సోమవారం నుంచి ప్రశ్న మార్చేద్దాం, నువ్వెలా అంటే అలా. కానీ పాతవి తీసేస్తే నా దగ్గర ఏం మిగుల్తుంది? పైన నలభైమందిని ఏం చెయ్యమంటావ్? కింద అరవైమందికైనా పనుంటుందా?" ఆయన గొంతులో కోపం లేదు, బతిమాలుకోవడమే ఉంది. "నీ చెల్లెలు కూడా ఉంది కదా అందులో."

ఆ సాయంత్రం చెల్లెలే ఫోన్ చేసింది. హలో అక్క జరిగింది చెప్పింది.

"సంతకం పెడతావా, పెట్టవా?" అంది చెల్లెలు.

"ఎలా పెట్టనే? స్వయంగా విన్నాను కదా."

"వినకుండా ఉండాల్సింది. నిన్నెవరు వినమన్నారు? నీకెప్పుడూ అంతే, అందరికన్నా ఒక మెట్టు పైన కూర్చోవాలి. ఎవరో ముక్కూ మొహం తెలీనివాళ్ళకి ఫోన్ మోగితే నీకు నొప్పి. నా ఇంట్లో ఎలా ఉందో తెలుసుకోవడానికి మాత్రం నేనే చెయ్యాలి నీకు."

ఆ చివరి మాట హలో అక్కకి బాగా తగిలింది. అది నిజం కూడాను.

గురువారం ఆఫీసరమ్మ సరిగ్గా పదింటికి వచ్చింది. జలుబు చేసినట్టుంది, ముక్కు తుడుచుకుంటూనే పని మొదలెట్టింది. పెన్సిల్‌తో చిన్న అక్షరాల్లో రాసుకుంటోంది. పెట్టకండి అన్నవాళ్ళని తీసేశామని ఓనరు తనంతట తనే చెప్పాడు. ఆమె మెచ్చుకోలుగా తలూపింది. మిగిలిన లిస్టులోంచి తనకి తోచిన పది నంబర్లు చూపించి వినిపించమంది.

"పెట్టేయండి." ఆమె టిక్కు పెట్టుకుంది. "పెట్టేయమ్మా." టిక్కు. "సరే సరే, పెట్టేయ్." టిక్కు.

పదికి పదీ.

ఆఫీసరమ్మ తప్పు పట్టుకుంటుందని, కేకలేస్తుందని, కంపెనీ మూయిస్తానంటుందని రాత్రంతా హలో అక్క ఊహించుకుంది గానీ ఇది ఊహించలేదు. చట్టం కూడా మిషను లాగే వింటోంది.

"చక్కగా ఉన్నాయి" అంది ఆఫీసరమ్మ. "అడిగారు, ఒప్పుకున్నారు, రికార్డుంది. సంతకం ఎవరిది?"

ఓనరు కాగితం హలో అక్క ముందుకి జరిపాడు. ఆమె వైపు చూడలేదు.

"ఇదొక్కటీ అయ్యాక పెడతానండీ" అంది హలో అక్క. తన గొంతే తనకి కొత్తగా వినబడింది. "మేం ఎలా మాట్లాడతామో మీరు ఫోన్లో ఒకసారి వింటే బాగుంటుంది. పక్క బల్ల దగ్గర్నుంచి చేస్తాను."

"కానివ్వండి, వింటూ రాసుకుంటాను."

హలో అక్క హెడ్‌ఫోన్ తగిలించుకుంది. బల్ల మీది ఫోన్ మోగింది. ఆఫీసరమ్మ ఒక చేత్తో ఎత్తి, ఇంకో చేత్తో రాస్తూనే ఉంది. హలో అక్క తనెవరో చెప్పింది, కంపెనీ చెప్పింది, పనేంటో చెప్పింది. తర్వాత నీళ్ళ గురించి, ఫిల్టరు లోపల పేరుకునే మడ్డి గురించి, ఏడాది సర్వీసు గురించి, పాత ఫిల్టరు ఇస్తే కొత్తదాని గురించి, ఒక్క ముక్క వదలకుండా, పద్నాలుగేళ్ళ అనుభవమంతా గొంతులో పోసి చెప్పింది. రెండు నిమిషాలు. మూడు. ఆఫీసరమ్మ పెన్సిలు ఆగింది. ఒకసారి తుమ్మింది. నాలుగో నిమిషంలో గడియారం చూసుకుంది.

"...మరి మీ నంబరు మా లిస్టులో పెట్టమంటారా అండీ?"

"అర్థమైందమ్మా, చాలు. ఇక పెట్టేయ్" అంది ఆఫీసరమ్మ.

పక్కన తెర మీద ఆకుపచ్చ టిక్కు పడింది.

ఆఫీసరమ్మ ఫోన్ ఇంకా చెవి దగ్గరే పట్టుకుని, తెర వైపు, హలో అక్క వైపు, మళ్ళీ తెర వైపు చూసింది.

"నేను ఫోన్ పెట్టేయమన్నాను" అంది.

"అవునండీ" అంది హలో అక్క. "వాళ్ళూ అదే అన్నారు."

ఆఫీసరమ్మ తన కాగితం మీద పెట్టుకున్న పది టిక్కులూ చూసుకుంది. జలుబు వల్లో మరెందువల్లో మొహం ఎర్రబడింది. రబ్బరు తీసి ఒక్కొక్కటే చెరపడం మొదలెట్టింది. "ఇలాంటి ఆఫీసులు ఈ నెలలో పద్నాలుగు చూశాను నేను" అంది ఎవరితోనో కాదు, తనలో తనే. "అన్నిట్లోనూ ఇదే మాట ఉంది."

ఓనరు కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

మధ్యాహ్నానికల్లా పదకొండు వేల నంబర్లకీ తాళం పడింది. నిజంగా ఒప్పుకున్న వాళ్ళని విడదీయాలంటే ఒక్కొక్కటే మనిషి కూర్చుని వినాలి. అయ్యేదాకా అన్నీ వద్దుల కిందే లెక్క. పైఅంతస్తుకి అనుమతి రాలేదు. నలభైమందికీ రావద్దని చెప్పే పని ఓనరు హలో అక్కకే అప్పజెప్పాడు. శిక్షగా కాదు, ఆ మాట మెత్తగా చెప్పడం ఆమెకే వచ్చని. ముప్ఫై తొమ్మిదిమందికి చెప్పింది. చెల్లెలు ఫోన్ ఎత్తలేదు.

సోమవారం కొత్త ప్రశ్న మొదలైంది. "మీకు మళ్ళీ ఫోన్ చెయ్యమంటారా, వద్దంటారా?" చెయ్యండి అంటేనే, అదీ అమ్మాయే విని తన వేలితో నొక్కితేనే టిక్కు. తాళం పడనివి కొద్ది కొత్త నంబర్లే మిగిలాయి, సాయంత్రానికి అరవైమందీ కలిసి తెచ్చింది ఏడు సరేలు. ఓనరు ఆ అంకెని చాలాసేపు చూశాడు. "ఏడుగురు నిజంగా కావాలన్నారా?" అని అడిగాడు. అవునంది. "ఇంతకాలం మనం ఎవరికి చేస్తున్నాం అక్కా మరి?" అన్నాడు. ఆ ఏడుగురిలో నలుగురు మర్నాడే సర్వీసు చేయించుకున్నారు. అలా ఒక్కరోజులో ఎప్పుడూ జరగలేదు, అయినా ఎవరికీ నవ్వు రాలేదు.

ఆ మంగళవారం మధ్యాహ్నం ఫిర్యాదుల లైను మోగింది. అది హలో అక్క కుర్చీ దగ్గరే ఉంటుంది.

"అమ్మా, నీళ్ళ ఫిల్టర్ల కంపెనీయేనా?"

ఆ గొంతు ఆమె ముప్ఫై ఎనిమిది సార్లు విన్నది. "అవునండీ, చెప్పండి."

"మీవాళ్ళు తెగ చేసేవాళ్ళు నాకు. గురువారం నుంచి చెయ్యట్లేదు."

"అవునండీ. ఇక చెయ్యరు. తప్పు మాదేనండీ, అసలు ఆ ప్రశ్న రాసింది—"

"అది కాదమ్మా." పెద్దాయన తొందరపడ్డాడు. "నాకు హాస్పిటల్ నుంచి ఫోన్ రావాలి. మీవాళ్ళు చేసినన్నాళ్ళూ ఈ ఫోన్ పనిచేస్తోందని తెలిసేది. అయిదు రోజులుగా ఇది మోగనే లేదు. పాడయిందేమోనని కాలూ చెయ్యీ ఆడట్లేదు. నాకు ఇంకెవరూ చెయ్యరు. ఒక్కసారి చేసి చూస్తావా?"

హలో అక్క బాబాయ్ వైపు తిరిగి సైగ చేసి, స్పీకరు నొక్కింది. ఆయన విన్నాడు. నెమ్మదిగా తల అడ్డంగా ఊపాడు. "తాళం వేసి ఉందే. మిషను కలపదు."

"తీయ్ బాబాయ్. రికార్డు అవుతోంది కదా, ఆయన నోటితోనే అడుగుతాను." ఫోన్లోకి వంగింది. "అండీ, మీకు ఫోన్ చెయ్యమంటారా, వద్దంటారా?"

"చెయ్యమ్మా. ఒక్కసారే."

ఒక్కసారి అని రాసుకోవడానికి తెర మీద గడి లేదు. ఆమె కాగితం ముక్క మీద రాసి, టైము వేసి, కింద సంతకం పెట్టి బాబాయ్‌కి ఇచ్చింది. ఆయన ఇటు తాళం తీశాడు. పెద్దాయన ఫోన్ దించాడు. ఆమె నంబరు కలిపింది.

మొదటి రింగు పూర్తి కాలేదు.

"హలో" అన్నాడాయన. చేసేది ఎవరో తెలిసి కూడా, ఆ గొంతులో ఆత్రం ఏమాత్రం తగ్గలేదు. ఆ వరసలో అమ్మాయిలంతా మాటలాపి ఇటు చూస్తున్నారు.

"నేనేనండీ, ఫిల్టర్ల కంపెనీ నుంచి."

"మోగింది. బానే ఉందమ్మా."

"అండీ, మిమ్మల్ని ఇన్నాళ్ళూ—"

"తర్వాత చెబుదువు గాని తల్లీ. వాళ్ళు ఇప్పుడు గనక చేస్తే బిజీ వస్తుంది."

ఆమె వెంటనే ఫోన్ దించేసింది. బాబాయ్ మళ్ళీ తాళం వేశాడు. హాస్పిటల్ వాళ్ళు చేశారో లేదో, ఆ ముప్ఫై ఎనిమిదింటిలో ఎప్పుడైనా బిజీ వచ్చిందో లేదో, ఆమెకి ఇప్పటికీ తెలీదు. కనుక్కోవాలంటే ఫోన్ చెయ్యాలి.